పాలు మానిన బిడ్డ

131వ కీర్తనలో ఉన్నవి మూడే వచనాలు. యెరూషలేముకి ఎక్కిపోయే యాత్రికులు పాడుకున్న పాటల్లో అదొకటి. పేజీ తిప్పే తొందరలో కంటికి ఆనకుండానే పోతుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో మాకు 23వ కీర్తన కంఠతా పట్టించారు, 121వ కీర్తన కూడా. దీని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

ఈ మధ్య తెల్లవారుజామున మెలకువ వస్తే మనసు దాని మీదికే పోతోంది. తన ప్రాణం తల్లి దగ్గర పాలు మానిన బిడ్డలా ఉందంటాడు దావీదు అందులో. పాలు తాగే బిడ్డ అని ఉంటే తేలిగ్గా ఉండేది. కడుపు నిండి కళ్ళు మూతలు పడుతున్న పసివాణ్ణి మించి తృప్తికి వేరే గుర్తు ఎవరు వెతుక్కుంటారు? ఆయన మాత్రం పాలు మానిన బిడ్డనే ఎంచుకున్నాడు. కావాలని ఏడ్చి, దొరక్క, ఆ తరవాతెప్పుడో కుదుటపడిన బిడ్డని.

మా చెల్లెలు చంటివాడికి పాలు మాన్పించడానికి పుట్టింటికి వచ్చినప్పుడు ఆ పాట్లన్నీ దగ్గర నుంచి చూశాను. అమ్మ లేత వేపాకు నూరి చిన్న ముద్ద చేసిచ్చింది. వాడు అలవాటు కొద్దీ పరుగెత్తుకొచ్చి నోరు పెట్టాడు. ముఖమంతా ముడుచుకుపోయింది. నాలుక బయటికి చాపి, తల్లి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అమ్మ అమ్మే, మరి ఇది చేదెందుకైందో వాడికి అంతుపట్టలేదు. ఉండుండి మళ్ళీ నోరు పెట్టి చూశాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పాలు చల్లార్చి ఉగ్గుగిన్నెతో పట్టబోతే చేత్తో తోసేశాడు. నాన్న భుజాన వేసుకుని డాబా మీద తిప్పుతూ ఉంటే, ఏడుపు ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళి వస్తూ కిందికి వినిపించింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వాడు చేతిలో జంతిక ముక్కతో వచ్చి తల్లి ఒళ్ళో కూర్చున్నాడు. కొంగు లాగలేదు. వీపు ఆమెకి ఆనించి, వీధిలో పోయే ఆటోలని చూస్తూ జంతిక నములుతున్నాడు. పాల కోసం వచ్చినవాడు కాదు. అమ్మ ఉందని వచ్చాడు, అంతే.

దావీదు చెప్పింది దీని గురించేనా? అయితే తృప్తి అంటే కోరిక లేకపోవడం కాదన్నమాట. కోరిక ఎరగనివాడేం కాదు వాడు. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చినవాడు.

నాకు నలభై దగ్గర పడుతోంది. పెళ్ళి కాలేదు. గుంటూరులో ఒక లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళి వద్దని ఎన్నడూ అనుకోలేదు. సంబంధాలు వచ్చాయి. కొన్ని ఫొటోల దాకా వచ్చాయి, కొన్ని మాటల దాకా. కొన్ని కట్నం దగ్గర ఆగాయి, కొన్ని ఎందుకు ఆగాయో తెలియకుండానే ఆగాయి. ఎవరి మీదా నాకు మనసులో ఏమీ లేదు.

మా దగ్గర నెల మొదటి ఆదివారం, ఆరాధన చివర, ఆ నెలలో పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ ఉన్నవాళ్ళు ముందుకి వెళ్ళి కృతజ్ఞత కానుక వేసి మోకరిస్తారు. జంటలు పక్కపక్కన మోకరిస్తారు. భార్య ముసుగు సర్దుకుంటుంది. వయసు మళ్ళిన భర్తయితే ఒక చెయ్యి ఆమె భుజం మీద ఆన్చి మెల్లగా కిందికి దిగుతాడు. పాస్టరుగారు ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థిస్తారు. అది చూడటం నాకు చాలా ఇష్టం. చూస్తున్నంతసేపూ గొంతులో ఏదో అడ్డం పడే ఉంటుంది. రెండూ ఒకే మనసులో ఒకే నిమిషంలో ఉంటాయి. ఈ బాధ ఉంది కాబట్టి ఆ ఇష్టం నటన అనుకోలేను. ఆ ఇష్టం ఉంది కాబట్టి బాధ లేదని కూడా అనలేను.

డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాది వాగ్దానపు కార్డులు పళ్ళెంలో బోర్లించి పెడతారు. వరుసగా వెళ్ళి ఒక్కొక్కటీ తీసుకుంటాం. పెళ్ళి కాని పిల్ల చేతిలో ఏ వాక్యం పడినా, పక్కనున్న పెద్దవాళ్ళు దాన్ని పెళ్ళి వైపు తిప్పి చదువుతారు. ఎడారిలో నదులని వచ్చినా సంబంధమే, తెరిచిన తలుపని వచ్చినా సంబంధమే. ఆ ఆశ వెనక ఉన్న ప్రేమని కాదనలేను. కాని ఆ ఏడు ఆ వాక్యం నాతో ఇంకేదైనా చెప్పాలని వచ్చిందేమో. చెప్పేలోపే మేమందరం కలిసి దానికి జవాబు ఇచ్చేశామేమో.

ఇంకో మాట కూడా తరచు వినిపిస్తుంది. ముందు దేవుడిలో తృప్తిగా ఉండటం నేర్చుకుంటే, కోరిక ఆయనే తీరుస్తాడని. సాక్ష్యాల్లో కూడా కథ ఇలాగే నడుస్తుంది: అడగడం మానేశాను, ఆ నెల్లోనే కుదిరింది. చెప్పేవాళ్ళ మాట నిజమే, వాళ్ళకి అలాగే జరిగింది. ఆ కళ్ళలో సంతోషం చూస్తే నాకూ సంతోషంగానే ఉంటుంది. అయితే ఆ లెక్కన తృప్తి కూడా అడగడంలో ఇంకో పద్ధతి అయిపోతుంది. పైకి అడగడం మానేసి, లోపల ఓరకంట కనిపెట్టుకుని ఉండటం. మా చెల్లెలి కొడుకు ఆ సాయంత్రం ఓరకంట చూడలేదు. వాడి చూపు ఆటోల మీద ఉంది.

దేవుడి దగ్గర అలా ఏ ఎదురుచూపూ లేకుండా కూర్చున్న గడియలు నాకు ఎన్ని ఉన్నాయి? ఉన్నాయనే అనుకుంటాను. గట్టిగా చెప్పలేను.

మా పెళ్ళిళ్ళలో ప్రసంగం చాలాసార్లు ఆదికాండం 24వ అధ్యాయం మీద ఉంటుంది. అబ్రాహాము దాసుడు, పది ఒంటెలు, ఊరి బయట బావి, భుజాన కడవతో రిబ్కా. వింటూ పెరిగిన కథ కాబట్టి ప్రతి మలుపూ ముందే తెలుసు. ఇస్సాకుకి అప్పటికి నలభై ఏళ్ళు. ఆ సంగతి తరవాతి అధ్యాయంలో ఉండటం వల్లనో ఏమో, నేను విన్న పెళ్ళి ప్రసంగాల్లో రాలేదు. ముందు అధ్యాయంలో తల్లి శారాని సమాధి చేశారు. ఒంటెలు వచ్చిన సాయంత్రం ఆయన పొలంలోకి ధ్యానానికి వెళ్ళాడు. కళ్ళెత్తి చూస్తే ఒంటెలు వస్తున్నాయి.

నా ధ్యాస ఆ సాయంత్రం మీద కంటే దాని ముందు సాయంత్రాల మీద ఉంటుంది. ఒంటెలు రాని సాయంత్రాలు. అప్పుడూ పొలానికి వెళ్ళేవాడా? అమ్మ లేని గుడారంలో ఉండలేక వెళ్ళేవాడా? పొద్దు గుంకాక ఏమనుకుంటూ తిరిగొచ్చేవాడు? గ్రంథం చెప్పదు. కథ చెప్పేవాళ్ళకి ఆ సాయంత్రాలు ఒంటెల దాకా నడిపించే దారి మాత్రమే. ఆయనకి మాత్రం అవి బతికిన రోజులు. గాలి వీచే ఉంటుంది, చేను కదిలే ఉంటుంది, దేవుడు దగ్గరికి వచ్చే ఉంటాడు.

ఇది ఒక కాలం, గడిచిపోతుంది అంటారు ధైర్యం చెప్పేవాళ్ళు. గడిచిపోవచ్చు. గడవకపోతే?

కుగ్లర్ హాస్పిటల్ మీదుగా వెళ్ళినప్పుడల్లా ఈ ప్రశ్న నాతో పాటు వస్తుంది. అన్నా సారా కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియాలో పుట్టారు. 1879లో వైద్యం చదువు ముగించి, 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. విచిత్రం ఏమిటంటే ఆమెని మొదట డాక్టరుగా పంపలేదు. ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళకి చదువు చెప్పే పని మీద పంపారు. వైద్యపు పని అధికారికంగా అప్పగించింది తరవాత. 1898లో ఆసుపత్రి వచ్చింది. 1930లో చనిపోయేదాకా ఈ ఊరే. ఈ ఎండలే, ఈ కాన్పులే.

ఆమె గురించి చెప్పుకున్నప్పుడల్లా ఆసుపత్రి గురించే చెప్పుకుంటాం. నాకు తెలుసుకోవాలనిపించేది వేరు. సాయంత్రం రోగులందరూ వెళ్ళిపోయాక, దీపం దగ్గర ఒక్కరే కూర్చున్నప్పుడు ఆమె దేవుడితో ఏం మాట్లాడేవారు? నేర్చుకున్న పని చేతిలో ఉండి, ఆ పనికి పిలుపు రాని మొదటి రోజుల్లో ఏమనుకునేవారు? అది కూడా ఎదురుచూపే కదా. ఎదురుచూపుల్లో మనకి తెలిసింది ఒకటే రకం కాదేమో.

ఇక్కడే ఒక చిక్కు కూడా కనిపిస్తుంది. పెళ్ళి కాని మనిషి చేతుల మీదుగా గొప్ప పని జరిగితే ఆ బతుకు సరే అంటాం. ఆసుపత్రి కట్టనివాళ్ళ మాటేమిటి? సంఘంలో సండే స్కూలూ, వేసవి బైబిలు తరగతులూ, క్రిస్మస్ నాటకాలూ చాలావరకు ఇలాంటి ఆడవాళ్ళే మోస్తారు. నీకేం, ఇంటి దగ్గర ఎవరున్నారు అంటారు. ఆ పనులంటే నాకు ప్రాణం. పిల్లలకి గొర్రెల కాపరుల వేషాలు కట్టే రాత్రుళ్ళు నాకు ఏడాదిలోకెల్లా మంచి రాత్రుళ్ళు. అయినా, చేసే పని చూసి దేవుడు నన్ను ఉండనిస్తున్నాడని నమ్మలేను. ఆ మూడు వచనాల కీర్తనలో బిడ్డ ఏ పనీ చెయ్యదు.

పొద్దున్నే మా వీధిలోంచి కాన్వెంటు సిస్టర్లు పూజకి నడిచి వెళ్తుంటారు. వాళ్ళు దేవుడికి మాట ఇచ్చి ఆ బతుకులోకి వచ్చినవాళ్ళు. వాళ్ళ బతుక్కి ఒక పేరుంది. సంఘం దీవించి పంపిన రోజొకటి ఉంది. మా వైపు అది లేదు. మార్టిన్ లూథర్ తానే మఠం విడిచి, 1525లో కాతరీనా ఫాన్ బోరాని పెళ్ళాడాడు. సంసారం కూడా దేవుడి పనేనని నిలబెట్టిన ఇల్లది. ఆ ఇంటి దీవెన మా అమ్మానాన్నల దాకా వచ్చింది, నేను తిన్నదీ ఆ అన్నమే. కాని నాలాంటిది ఏ మాటా ఇవ్వలేదు. తనకి ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. అందుకని ప్రతి ఉదయం ఈ బతుకుని మళ్ళీ చేతుల్లోకి తీసుకోవలసి వస్తుంది. నిన్న ఒప్పుకున్నది ఇవాళ్టికి సరిపోదు. ఇది బరువో, దీనిలోనే ఏదైనా మేలు ఉందో, ఒక్కో ఉదయం ఒక్కోలా అనిపిస్తుంది.

అజాన్ అయిపోతుంది. కాసేపటికి గుడి మైకులో సుప్రభాతం. పక్కింటావిడ కళ్ళాపి చల్లిన తడిమట్టి వాసన కిటికీలోంచి వస్తుంది. అరగ్లాసు బియ్యం కడుగుతాను. గన్నేరు కొమ్మకి తేనెపిట్ట గూడు కట్టింది. పీచూ ఆకుముక్కలూ కలిపి కుట్టిన చిన్న సంచీ. ఆడపిట్ట గూటి నోట్లోంచి ముక్కు ఒక్కటే బయటికి పెట్టి చూస్తూ ఉంటుంది. కాఫీ చల్లారేదాకా దాన్నే చూస్తాను.

లేనిది ఒక్కటే. అది గదంతా పరుచుకుంటుంది. ఉన్నవి చాలా. ఒక్కొక్కటీ చిన్నది, తనంతట తాను పిలవదు. దాని దగ్గరికి నేనే వెళ్ళాలి. వెళ్ళిన రోజున, ప్రార్థన అని మోకరించకముందే ప్రార్థన మొదలైనట్టుంటుంది. వెళ్ళలేని రోజులూ ఉంటాయి. ఆ రోజుల్లో కూడా పిట్ట ముక్కు బయటికి పెట్టే ఉంటుంది.

వేసవి వస్తే ఆవకాయ పెడతాను. ఒక్కదానివి, కొనుక్కుంటే పోదా అంటారు. కాయలు కొట్టించి తెచ్చుకుని, జీడి తీసేసి, టెంకకి అంటిన పొర గీకి, ముక్కలు పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తాను. ఆవపిండీ కారం ఉప్పూ కొలిచి, వెల్లుల్లి వేసి, నువ్వులనూనె పోసి జాడీకి వాసెన కడతాను. మూడోరోజు తిరగ కలిపేటప్పుడు లేచే ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ వాసన నిండిన గది ఇల్లు కాదని ఎవరూ నన్ను ఒప్పించలేరు. ఇద్దరుంటేనే ఇల్లు మొదలవుతుందంటారు. బేతనియలో మార్త, మరియ, లాజరు ఉన్న ఇంట్లో ఎవరికి ఎవరితో పెళ్ళయిందన్న మాట సువార్తల్లో ఎక్కడా లేదు. ప్రభువు అలసిపోయి వచ్చి కూర్చున్న ఇల్లది.

తృప్తి గురించి అందరూ పౌలునే చూపిస్తారు. ఖైదులోంచి ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం అది. ఉన్నప్పుడూ లేనప్పుడూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు. పుట్టుకతో వచ్చిందనడు. ఏ ఊళ్ళో నేర్చుకున్నాడో, ఎన్నాళ్ళు పట్టిందో చెప్పడు. అదే పౌలు కొరింథు వాళ్ళకి రాస్తూ, శరీరంలో ఉన్న ముల్లు తీసెయ్యమని మూడుసార్లు ప్రభువుని వేడుకున్నానంటాడు. ముల్లు ఉండిపోయింది, కృప వచ్చింది. గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగిపోవాలని అడిగింది మూడుసార్లే. అడగడం అవిశ్వాసమైతే ఆ రాత్రిని ఏమనాలి?

ఆ పౌలే పెళ్ళి గురించి రాస్తూ, దేవుడు ఒకరికి ఒక వరం, ఇంకొకరికి ఇంకో వరం ఇస్తాడంటాడు. తాను ఒంటరిగా ఉన్నాడు కాబట్టి ఆ మాటకి బరువుంది. కాని కోరుకోని వరాన్ని ఎలా అందుకోవాలి? వద్దనలేము, చేతులు చాచి అడిగిందీ కాదు. కొన్నాళ్ళు ఒళ్ళో ఊరికే పెట్టుకుని కూర్చోవాలేమో. అందులో ఏముందో చూడాలని ఏ పొద్దునైనా అనిపిస్తుందేమో.

నాకున్న అసలు భయం పెళ్ళి లేకపోవడం కాదు. జ్వరం వచ్చిన రాత్రి. డెబ్భయ్యో ఏట బాత్రూములో కాలు జారితే తలుపు ఎవరు కొడతారన్నది. పిల్లలున్నవాళ్ళకి కూడా ఈ భయం లేకపోలేదు. గుంటూరులో తాళాలు పడ్డ ఇళ్ళూ, అమెరికాలో కొడుకులున్న ముసలివాళ్ళూ తక్కువేం కాదు. అది తెలిసినంత మాత్రాన నా భయం తగ్గదు. లూకా సువార్తలో అన్న ఉంది. పెళ్ళయ్యాక ఏడేళ్ళు భర్తతో ఉంది, ఆ తరవాత ఎనభై నాలుగేళ్ళ వయసు దాకా విధవగా దేవాలయాన్ని అంటిపెట్టుకునే ఉంది. ఆమెకి అన్నం ఎవరు పెట్టేవారో లూకా రాయలేదు. ఎవరో పెట్టే ఉంటారు. దేవుడి కాపుదల గురించి ఆలోచించినప్పుడల్లా, పేరు రాయకుండా వదిలేసిన ఆ చేతులు నాకు గుర్తొస్తాయి.

నమ్మకం అంటే ఆయన ఇస్తాడని నమ్మడమా, ఇవ్వకపోయినా ఉంటాడని నమ్మడమా? రెండోది గొప్పదని చెప్పడం తేలిక. చేదు తగిలిన మొదటి క్షణంలో ఆ పసివాడు రెండూ అనుకోలేదు. తల్లి ముఖంలోకి చూశాడు. చేదు పూసిన చేతులూ ఎత్తుకున్న చేతులూ ఒకటేనని వాడికి తెలియదు. తెలిసిన నాకు, ఆ ముఖంలోకి చూడటం వాడికంటే కష్టంగా ఉంటుంది. అయినా వేరే ఏ ముఖంలోకి చూడను?

ఆదివారం ఆరాధన అయ్యాక నర్సింగ్ చదివే పిల్లలు కొందరు మా ఇంటికి భోజనానికి వస్తారు. దూరపు ఊళ్ళవాళ్ళు, హాస్టలు పప్పుచారుతో విసిగిపోయినవాళ్ళు. ఆ రోజు కుక్కరు పెద్దది తియ్యాలి. ఆవకాయ జాడీ అడుగంటడం వాళ్ళ వల్లే. ఒంటరివాళ్ళని దేవుడు సంసారుల్ని చేస్తాడని కీర్తనల్లో ఉన్న మాటకి ఇదే అర్థం అని ఒకావిడ ఆప్యాయంగా అన్నారు. అయివుండొచ్చు. నేను మాత్రం అంత త్వరగా ఆ మాట అనలేను. ఆ పిల్లలకి అమ్మానాన్నలు ఉన్నారు. చదువు కాగానే వెళ్ళిపోతారు, వెళ్ళాలి. వాళ్ళు వేరే దేనికో బదులుగా వచ్చారనుకుంటే వాళ్ళని తక్కువ చేసినట్టవుతుంది. అక్కా, ఇంకొంచెం నెయ్యి అంటారు. వేస్తాను. ఆ పూటకి అది నిండుగా ఉంటుంది.

స్త్రీల కూడికలో ప్రార్థనాంశాల పుస్తకం రాసే అక్క మొన్న కొత్త పుస్తకంలోకి పేర్లు ఎత్తి రాస్తూ నా పేరు దగ్గర ఆగింది. ఎదురుగా ‘వివాహం’ అని ఉంది, ఎన్నో పుస్తకాల నుంచి వస్తున్న మాట. ఉంచమంటావా అని అడగడానికి మొహమాటపడి కలం పట్టుకుని ఊరుకుంది. ఉంచమన్నాను. దాని కింద ఆ నర్సింగ్ పిల్లల పరీక్షలు కూడా రాయమన్నాను. రాసింది. తరవాతి పేరు మోకాలి ఆపరేషనుకి వెళ్తున్న ఒక పెద్దావిడది. పేర్లు పంచుకున్నప్పుడు ఆవిడ నా వంతుకి వచ్చింది, నేను ఆవిడ వంతుకి వెళ్ళాను.